కాలేయం ఆపరేషన్‌లో ‘పొర’ పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 61 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. కాలేయంలోని గడ్డలను రెండు విడతల్లో తీస్తామని, మొదటి విడతలోనే లోపల అతుకులు పడకుండా ఓ పొర పరుస్తామని డాక్టర్లు చెబుతున్నారు. ఒంట్లో బయటి వస్తువు వదిలేస్తే చీము పడుతుందేమోనని అమ్మ భయపడుతోంది. ఒప్పుకోవచ్చా?
- ఓ పాఠకురాలు, పొన్నూరు

జవాబు: మీ అమ్మగారి అనుమానం అడగాల్సిందే. అయితే కంగారు పడనక్కర్లేదు.

పొట్ట కోసి ఆపరేషన్ చేశాక, గాయం మానే క్రమంలో లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. చాలామందికి వీటితో ఏ బాధా ఉండదు. కొందరికి మాత్రం కొన్నేళ్ల తర్వాతైనా పేగు మెలిపడి, మూసుకుపోవచ్చు. మీ నాన్నగారి విషయంలో ఇంకో చిక్కుంది. రెండోసారి పొట్ట తెరిచేసరికి కాలేయానికి పేగులు అతుక్కుని ఉంటే, విడదీసేటప్పుడు రక్తం ఎక్కువ పోవచ్చు, పేగుకు చిల్లు పడవచ్చు. అందుకే ఆ పొర.

ఎక్కువగా వాడే పొర పేరు సెప్రాఫిల్మ్. అమెరికాలో 1996లో అనుమతి పొందింది. మన కీళ్లలో సహజంగా ఉండే హైలురోనిక్ ఆమ్లం, ఐస్‌క్రీముల్లో చిక్కదనానికి వాడే సెల్యులోజ్ పదార్థం కలిపి చేస్తారు. ఒకటి రెండు రోజుల్లో జిగురులా మారి, వారం రోజులు అడ్డుగోడలా ఉండి, 28 రోజుల్లోగా ఒంట్లోంచి వెళ్లిపోతుంది. మళ్లీ తీయాల్సిన పని లేదు.

మరి ప్రమాదం ఎక్కడ? పరిచే చోటులో. 1,791 మంది రోగులపై చేసిన అధ్యయనం 2003లో వెలువడింది. పేగును కోసి కలిపిన కుట్టు చుట్టూ ఈ పొర చుట్టినవారిలో ఆ కుట్టు లీకయిన సందర్భాలు పెరిగాయి. కాబట్టి అదే ఆపరేషన్‌లో పెద్దపేగు కూడా కోసి కలుపుతుంటే, ఆ కుట్టు మీద పొర ఉండకూడదు.

కాలేయం ఆపరేషన్లలో జరిగిన అధ్యయనాలు చిన్నవే. రెండోసారి తెరిచినప్పుడు అతుకులు తేలిగ్గా విడిపోయినట్లు వాటిలో కనిపించింది. కానీ పైత్యరసం కారడం వంటి అరుదైన ఇబ్బందుల గురించి గట్టిగా చెప్పడానికి ఆ సంఖ్య చాలదు. అన్ని మందులూ ఒకటి కావు కూడా. ఇంటర్‌జెల్ అనే జిగురు ద్రవాన్ని ఆపరేషన్ తర్వాత నొప్పి తదితర ఫిర్యాదులు రావడంతో 2003లో కంపెనీయే వెనక్కి తీసుకుంది.

సర్జన్‌ను మూడు మాటలు అడగండి: ఏ పొర వాడతారు? ఎక్కడ పరుస్తారు? పైత్యరసం కారుతున్నా, చీము కనిపించినా మానేస్తారా? జవాబులు స్పష్టంగా ఉంటే, రెండో విడత తప్పదంటున్నారు కనుక ఒప్పుకోవచ్చు. రెండో ఆపరేషన్ అవసరం లేనివారికి దీనివల్ల లాభం తక్కువ.

ఇంటికొచ్చాక జ్వరం, తగ్గని కడుపునొప్పి, పచ్చ కామెర్లు, పొట్ట ఉబ్బి వాంతులు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి. వెంటనే ఆపరేషన్ చేసిన ఆస్పత్రికే వెళ్లండి.