మధురవాణి నంద్యాలకు వస్తే

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన ‘కన్యాశుల్కం’ నేటికీ తెలుగు రంగస్థలానికి గీటురాయే. నాటక పోటీలకు పేరొందిన నంద్యాలలో దాన్ని నేటి కాలానికి మలచదలచిన బృందం ముందుగా ఒక విషయం తేల్చుకోవాలి: ఇందులో పెండ్లి ఎవరి సమస్య, స్వేచ్ఛ ఎవరి హక్కు?

విశాఖ జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్ళలో 1,034 శుల్క వివాహాలు నమోదయ్యాయని గురజాడ తొలి కూర్పు పీఠికలో పేర్కొన్నారు. ఆ క్రయవిక్రయాలను ఆయన నిర్దాక్షిణ్యంగా ఎండగట్టారు. అయితే ప్రధాన కథలోని సంబంధాలన్నీ ఆ ఒక్క సమూహం లోపలివే. వయసు, ధనం, వైధవ్యం చర్చకు వచ్చాయి. కులం గీసిన గీత రాలేదు. 1909 నాటి మలి కూర్పు ముగింపులో బుచ్చమ్మకు పూనా వితంతు శరణాలయం దారి చూపింది. అందరి చిక్కులూ విప్పిన మధురవాణికి భగవద్గీత దక్కింది, సమాన స్థానం దక్కలేదు.

రాయలసీమకు ఈ అసమానత కొత్తది కాదు. కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో బసివిని ఆచారానికి బలైనవారిలో అత్యధికులు దళిత, వెనుకబడిన కులాల ఆడపిల్లలే. దాన్ని నిషేధించే రాష్ట్ర చట్టం 1988లో గానీ రాలేదు. బాల్యవివాహమూ గతించిన గాథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ మహిళల్లో 29.3 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే పెండ్లయింది.

చట్టం కులాంతర వివాహాన్ని అడ్డుకోవడం లేదు. ఇద్దరు వయోజనుల సమ్మతి చాలునని, కుటుంబపు అనుమతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో స్పష్టం చేసింది. ఆరు నెలలు తిరగకముందే మిర్యాలగూడలో, కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ణి గర్భిణి అయిన భార్య కళ్ళెదుటే నరికి చంపారు. ప్రత్యేక వివాహ చట్టాన్ని ఆశ్రయించే జంటల వివరాలు నేటికీ 30 రోజులపాటు కార్యాలయం గోడపై వేలాడుతాయి. వెతుకుతున్న బంధువులకు అంతకన్నా ఏం కావాలి?

కనుక నేటి గిరీశం వితంతు వివాహంపై ఉపన్యసించనవసరం లేదు. సభలో అంబేడ్కర్‌ను కీర్తించి, ఇంటికి వెళ్ళి సొంత కులపు పెండ్లి సంబంధాల జాబితాలో పేరు రాయించుకుంటే చాలు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రేక్షకులు అతణ్ణి వెంటనే పోల్చుకుంటారు. నేటి మధురవాణి మాత్రం ఒకరి చిక్కులు విప్పి తెర వెనక్కి తప్పుకోరాదు. తనకు నచ్చినవాణ్ణి పెండ్లాడే హక్కునూ, అసలు పెండ్లే వద్దనే హక్కునూ ఆమె వేదిక నడుమ నిలబడి అడగాలి. ఆ ప్రశ్నను తప్పించుకునే ప్రదర్శన ఎంత రక్తి కట్టినా, అది సంస్కరణను మళ్ళీ అగ్రహారంలోనే వదిలివస్తుంది.