నాలుగేళ్ల బాకీ

బి.ఎడ్. చదవాలనుకునే మీలో చాలామంది నన్ను అడిగేది ఒకటే: "టీచర్ గారూ, డిగ్రీ అవగానే దోహా వచ్చేస్తే అప్పు తీరిపోతుందా?"

అల్ మన్సూరాలో నేనందుకునే జీతం మీద ఆదాయపు పన్ను లేదు, నిజమే. కాని ఇక్కడ చాలా స్కూళ్లు ముందు రెండేళ్ల అనుభవం అడుగుతాయి. మనకు పింఛను ఉండదు.

ముందు మీ బాకీ ఏ రకమో చూసుకోండి. బాకీ అంటే ఇంకా తీర్చవలసింది; అది డబ్బే కానక్కర్లేదు. దక్షిణాఫ్రికాలో ఫుంజా లుషాకా అనే సర్కారు బర్సరీ 2007లో మొదలైంది. ఫీజు, హాస్టలు, పుస్తకాలు అదే చూసుకుంటుంది. ఎన్నేళ్లు తీసుకుంటే అన్నేళ్లు ప్రభుత్వ బడిలో పాఠాలు చెప్పాలి. చెప్పకుండా విమానం ఎక్కితే అది వడ్డీతో కట్టాల్సిన అప్పవుతుంది.

మన ముత్తాతలు నాటాల్‌లో ఐదేళ్ల పనికి ఒప్పుకున్నారు. ఆ కాగితం చదవగలిగినవాళ్లు తక్కువ. మీకు చదువు వచ్చు కదా, ప్రతి పేజీ చదివి సంతకం పెట్టండి.

నన్నడిగితే ఆ నాలుగేళ్లు అక్కడే చేసి రండి. డర్బన్‌లోనే పోస్టు కావాలంటే కుదరకపోవచ్చు, పల్లెబడి కూడా రావచ్చు. అయినా బాకీ పోతుంది, అనుభవం వస్తుంది.

డిగ్రీ పత్రాలకు ప్రిటోరియాలో ముద్రలు వేయించే తిరుగుడు గురించి వచ్చే నెల.