మీ మెడల్‌కు ఒక కొలత, పిల్లల మార్కులకు ఇంకొకటా?



ఏటా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ జరిగిన మర్నాడు, పిల్లలను దింపడానికి వచ్చే పేరెంట్స్‌లో కొందరు కాస్త కుంటుతూ నడుస్తారు. ముఖంలో మాత్రం వెలుగు ఉంటుంది. వాట్సాప్ స్టేటస్‌లో మెడల్ ఫొటో, దాని కింద 'హాఫ్ మారథాన్, 2 గంటల 38 నిమిషాలు, నా పర్సనల్ బెస్ట్' అని ఉంటుంది. మీకంటే ముందు ఎంతమంది గమ్యం చేరారని ఎవరూ అడగరు. పోయినేడు కంటే 7 నిమిషాలు తగ్గించారు కాబట్టి అందరూ అభినందిస్తారు. అది న్యాయమే.

2007లో మొదలైన హైదరాబాద్ రన్నర్స్ నుంచి కాలనీ పార్కులో కలిసే చిన్న బృందాల వరకు, రన్నింగ్ క్లబ్బుల్లో నాకు నచ్చేది ఇదే. మొదటిసారి ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తిన గృహిణికీ, 42.195 కిలోమీటర్లు పూర్తిచేసిన ఉద్యోగికీ చప్పట్లు ఉంటాయి. చివరగా వచ్చేవాళ్ల కోసం ముందు వచ్చినవాళ్లు ఆగి ఉంటారు.

అలాగని అక్కడ అబద్ధపు పొగడ్తలు ఉండవు. బిబ్‌కు ఉన్న చిప్ సెకన్లతో సహా లెక్క చెబుతుంది. అయితే ఆ చిప్‌లో ఒక మంచి ఏర్పాటు ఉంది. వేలమందిలో వెనక నిలబడ్డవాళ్లు స్టార్ట్ లైను చేరడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. అందుకే ఎవరి నెట్ టైమ్ వాళ్ల కాలు అక్కడి మ్యాట్ మీద పడినప్పటి నుంచి మొదలవుతుంది.

క్లాసులో కూడా అందరి స్టార్ట్ లైను ఒకటి కాదు. ఇంట్లో ఇంగ్లిష్ వింటూ పెరిగిన పాప, తెలుగు మీడియం నుంచి పోయినేడే మా దగ్గరికి మారిన బాబు ఒకే పేపరు రాస్తారు. ఇంగ్లిష్‌లో 41 నుంచి 56కు పెరిగిన ఆ బాబు, పేరెంట్స్ మీటింగ్‌లో నాన్న పక్కన నిలబడి వినే మొదటి ప్రశ్న ఏమిటి? "క్లాస్ ఫస్ట్‌కు ఎన్ని వచ్చాయి మేడమ్?" ఆ 15 మార్కుల వెనక ఉన్న కష్టం ఎవరికీ కనబడలేదని వాడికి అర్థమైపోతుంది. ఇలా రెండు మూడుసార్లు జరిగితే పిల్లలు టెస్టు పేపర్లు ఇంట్లో చూపించడం మానేస్తారు.

జేఈఈ, ఎప్‌సెట్ ఉన్న చోట ర్యాంకు వద్దంటే ఎలా అని మీరు అడగవచ్చు. వద్దనడం లేదు. కానీ రన్నర్ తన వేగం పెంచుకునేది పక్కవాడిని చూసి కాదు, తన పాత టైమ్ చూసుకుని, ఏ కిలోమీటర్‌లో నెమ్మదించాడో గమనించి. పిల్లలకూ అదే దారి. ఈ మాట మా టీచర్లకూ వర్తిస్తుంది. నోటీసు బోర్డు మీద టాపర్ల పక్కన, పోయినసారి కంటే బాగా మెరుగుపడిన పిల్లల పేర్లు కూడా ఉండాలని నా అభిప్రాయం.

వచ్చే మీటింగ్‌కు దయచేసి పాత ప్రోగ్రెస్ కార్డు కూడా తీసుకురండి. రెండూ పక్కపక్కన పెట్టి, ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అని ముందుగా మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి. పెరిగిన చోట, వాళ్ల ముందే, ఒక మంచి మాట చెప్పండి. ర్యాంకు గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం.