గిటారు పట్టిన పిల్లలకు అరగంట ఇద్దాం



ఉగాది కార్యక్రమంలో మన పిల్లలు నలుగురు గిటారు, డ్రమ్స్ పెట్టుకుని హైదరాబాదు చౌరస్తా బ్యాండు పాటలు పాడతామన్నారు. ‘అది ఇంగ్లీషు వాళ్ళ కాపీ, ఉగాది పూట అదేం పాట?’ అని కొందరు పెద్దలు అడ్డు చెప్పారు. వారంటే నాకు గౌరవమే. ఈ విషయంలో మాత్రం నా మాట వేరు. కాస్త పొడుగైనా చదవండి.

ముందు ఆ బ్యాండు సంగతి. 2020లో కరోనా రోజుల్లో చేతులెత్తి మొక్కుతానంటూ జాగ్రత్తలు చెప్పిన పాట వాళ్ళదే. ఆ బ్యాండులో పాడిన రామ్ మిరియాలే తర్వాత ‘జాతిరత్నాలు’ సినిమాలో చిట్టి పాట పాడాడు. మాటలు మన ఇళ్ళల్లో మాటలు, బాణీలో జానపదం. కింద నడిచే తాళం రెగే. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెట్టండి, గిటారు రెండు మీదా నాలుగు మీదా పడుతుంది. అది ఇంగ్లీషు వాళ్ళది కాదండి. జమైకా ద్వీపంలో 1960ల చివర పుట్టింది. అక్కడి కుర్రాళ్ళు సముద్రం అవతల అమెరికా రేడియో పాటలు విని, తమ ఊరి పాటతో కలిపి ముందు స్కా అన్నారు. అదే నడక నెమ్మదించి రెగే అయింది.

మా మనవడు పవర్ పాప్ అనే రకం వింటుంటాడు. గట్టి గిటారు, తియ్యని బాణీ, మూడు నాలుగు నిమిషాల పాట. ఆ పేరు 1967లో ‘ద హూ’ బ్యాండు పీట్ టౌన్‌షెండ్ నోట వచ్చింది. అమెరికాలో మెంఫిస్ కుర్రాళ్ళు బిగ్ స్టార్ అనే బ్యాండు పెట్టి 1972లో మొదటి ఆల్బమ్ తెచ్చారు. వింటే బీటిల్స్ ప్రభావం తెలుస్తూనే ఉంటుంది. ఆ బీటిల్స్ ఇంగ్లండులో కూర్చుని నేర్చుకున్నవి అమెరికా చక్ బెర్రీ పాటలు. అంటే సరుకు అమెరికాలో బుక్ అయి, లివర్‌పూల్ వెళ్ళి, మళ్ళీ అమెరికాలోనే దిగింది! బిగ్ స్టార్ ఆల్బమ్ అప్పట్లో కొన్నవాళ్ళు తక్కువ. తర్వాతి బ్యాండులు మాత్రం దాన్ని గురువులా చూశాయి.

మన ఇంటి సంగతి చూద్దాం. తిరువారూరు ముత్తుస్వామి దీక్షితర్ కుంపిణీ బ్యాండు వాయించే ఇంగ్లీషు బాణీలకు సంస్కృతంలో సాహిత్యం కట్టారు. ఆయన తమ్ముడు బాలుస్వామి తెల్లవాళ్ళ ఫిడేలు నేర్చి మన కచేరీలోకి తెచ్చారు. అదే ఫిడేలుతో మన విజయనగరం సంగీత కళాశాలకు పేరు తెచ్చి, 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. సాలూరు రాజేశ్వరరావుగారు కుర్రతనంలో కలకత్తా వెళ్ళి బెంగాలీ సంగీతం ఒంట పట్టించుకొచ్చారు. ఇళయరాజా 1986లో తెచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్’ ఆల్బమ్‌ని త్యాగరాజుకీ, జర్మనీ బాఖ్‌కీ కలిపి అంకితమిచ్చారు. వీళ్ళలో ఎవరిని కాపీ అందాం?

తప్పు ఎక్కడుందంటే, అప్పు తెచ్చి ఇచ్చినవాడి పేరు దాచడంలో ఉంది. మన ఒడిశాలోనే చూడండి. సంబల్‌పురి రంగబతి పాట రాసింది మిత్రభాను గౌంతియా, బాణీ కట్టింది ప్రభుదత్త ప్రధాన్, పాడింది జితేంద్ర హరిపాల్, కృష్ణా పటేల్. 2015లో ఒక టీవీ కార్యక్రమం దాన్ని కొత్తగా చేస్తే, తమ అనుమతి లేదని కవీ స్వరకర్తా లాయరు నోటీసు పంపాల్సి వచ్చింది. జానపదమంటే ఎవరిదీ కాదనుకోవడం మనందరికీ ఉన్న అలవాటు.

ఇక అసలు మాట. నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు రాని రోజుల్లో సినిమా పాటలు తమిళంలో రాసుకునేవాణ్ణి. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. గాలి అని రాయాలన్నా, కాలి అని రాయాలన్నా ఒకటే రాత. ఏది ఏదో పాట చెప్పేది. ఈ పిల్లలు మన పాటలు ఒడియా అక్షరాల్లో రాసుకుంటున్నారు. క, గ తేడాకు వాళ్ళకి ఇబ్బంది లేదు, నాకన్నా అదృష్టవంతులు. కానీ అక్కడ ఎ, ఏ తేడా లేదు. ఒ, ఓ తేడా లేదు. తెలుగు అన్నా తేలుగు అన్నా ఒకే రాత. ఆ పొట్టీ పొడుగూ సరిదిద్దేది పాటే. తాళంలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ లాగాలో నోటికి వచ్చేస్తుంది.

1936లో గంజాం ఒడిశాలో కలిసింది. తొంభై ఏళ్ళుగా మన ఇళ్ళల్లో తెలుగు నోటి మీదే ఎక్కువ నిలిచింది, పుస్తకం మీద తక్కువ. నోటి దాకా వచ్చిన తెలుగుని వాయిద్యం నచ్చలేదని వెనక్కి పంపేద్దామా?

కమిటీకి నా మనవి ఇదీ. పిల్లలకు అరగంట ఇవ్వండి. రెండే షరతులు పెట్టండి. ప్రతి పాటకీ ముందు రాసిందెవరో, బాణీ ఎవరిదో మైకులో చెప్పాలి. ఒక పాట మాత్రం మన శ్రీకాకుళం, గంజాం వైపు అమ్మమ్మలు పాడేది ఏదైనా తీసుకుని, ఏ ఇంట్లో ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పి, వాళ్ళ గిటారు మీదే పాడాలి. అమ్మమ్మల దగ్గర కూర్చుని నేర్చుకోవడానికి ఇంకా రోజులున్నాయి. మీ ఇంట్లో అలాంటి పాట ఉంటే కింద రాయండి. ఏ లిపిలో రాసినా ఫరవాలేదు.