ఆముదం నేర్పిన పాఠం

మాది చిలకలూరిపేట. గుంటూరు నుంచి ఒంగోలు వెళ్లే జాతీయ రహదారి మీద ఉంది. మా పేట పేరు చెబితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి పత్తి, పొగాకు, స్పిన్నింగు మిల్లులు. మా నాన్న అటువంటి ఒక మిల్లులో ఫిట్టరు. నేను భౌతికశాస్త్ర విద్యార్థిని. మా ఇద్దరిలో అంకెల అర్థం ఎవరికి బాగా తెలుసు అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

డిగ్రీ ప్రాక్టికల్ పరీక్షలో నాకు స్టోక్స్ పద్ధతిలో ఆముదం స్నిగ్ధతా గుణకం కనుక్కోమని వచ్చింది. పొడవాటి గాజు జాడీ నిండా ఆముదం, అందులో వదలటానికి చిన్న చిన్న ఉక్కు గుండ్లు, చేతిలో స్టాప్‌వాచీ. ప్రయోగం బాగానే కుదిరింది. 30 డిగ్రీల వద్ద 4.5 పాయిజులు వచ్చింది, ఉండవలసిన విలువే. దాన్ని ఎస్.ఐ. ప్రమాణాల్లోకి మార్చి రాయాలి. పాయిజుకీ పాస్కల్ సెకనుకీ మధ్య పది ఉందని గుర్తుంది గానీ, గుణించాలో భాగించాలో గుర్తు రాలేదు. గుణించాను. 45 పాస్కల్ సెకన్లు అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను.

పరీక్షకులు కాగితం చూసి, "ఏమయ్యా, ఇది ఆముదమా, పాకమా?" అన్నారు. రాయవలసింది 0.45. నా చేతిలో ఆముదం నూరు రెట్లు చిక్కబడి, తేనెను కూడా దాటిపోయింది. ఎదురుగా జాడీలో గుండు జారిపోతుంటే కళ్లారా చూస్తూ కూడా ఆ అంకె రాశాను. ఆముదం తాగిన మొహంతో బయటికొచ్చాను.

ఆ వేసవి సెలవుల్లో నాన్న మిల్లు నుంచి ఒక ఖాళీ ఆయిలు డబ్బా తెచ్చారు. "ఏరా, పెద్ద చదువులు చదువుతున్నావుగా, దీని మీద 22 అని ఉంది, ఏమిటది?" అని అడిగారు. చిక్కదనం, 22 సెంటీపాయిజులు అన్నాను. అదీ తప్పే. కందెన నూనె మీద ఐ.ఎస్.ఓ. వి.జి. 22 అని ఉంటే 40 డిగ్రీల వద్ద సుమారు 22 సెంటీస్టోకులని అర్థం. అది శుద్ధగతిక స్నిగ్ధత. సెంటీపాయిజు గతిక స్నిగ్ధతకు ప్రమాణం. ఒకదాన్నుంచి రెండోదానికి రావాలంటే నూనె సాంద్రత కావాలి. ఘన సెంటీమీటరుకు 0.86 గ్రాములనుకుంటే, 22 ని దానితో గుణించాలి, సుమారు 19 సెంటీపాయిజులు వస్తుంది. నీటి సాంద్రత ఇంచుమించు ఒకటి కాబట్టి, నీటితోనే లెక్కలు కట్టే మనకి ఈ తేడా కనపడదు.

మరి నాన్న ఇలా పొరబడతారా? మిల్లులో 40 కౌంటు నూలు అంటే పౌను బరువుకి 840 గజాల చిలపలు నలభై తూగే నూలు. కౌంటు పెరిగితే దారం సన్నం. మెట్రిక్ పద్ధతిలోని టెక్స్ దీనికి తలకిందులు, అంకె పెరిగితే దారం లావు. అదే 40 కౌంటు నూలు టెక్స్ లెక్కలో 15 కి కాస్త తక్కువ. ఎవరైనా తిరగేసి చెబితే నాన్న పెన్ను తియ్యరు. దారాన్ని వేళ్ల మధ్య నలిపి, "కాదు" అంటారు. అంకెకి ముందు ఆయన చేతికి వస్తువు తెలుసు. నాకు అంకె ఒక్కటే తెలుసు.

సూత్రం బట్టీ పట్టనక్కర్లేదు. పాయిజు అంటే చదరపు సెంటీమీటరుకు ఒక డైను సెకను. సన్నని గొట్టాల్లో ద్రవాల ప్రవాహాన్ని పరిశోధించిన ఫ్రెంచి వైద్యుడు పాయిజెల్ పేరు మీద వచ్చింది. న్యూటనుకి లక్ష డైనులు, చదరపు మీటరుకి పదివేల చదరపు సెంటీమీటర్లు. లక్షని పదివేలతో భాగిస్తే పది. కాబట్టి ఒక పాస్కల్ సెకను పది పాయిజులు, ఒక సెంటీపాయిజు సరిగ్గా ఒక మిల్లీపాస్కల్ సెకను. 20 డిగ్రీల నీరు ఇంచుమించు అంతే. ఈ ఒక్క నీటి విలువ మనసులో ఉంటే ఆముదాన్ని పాకం చెయ్యం.

"ఈ గొడవంతా ఎందుకు, ఫోను మార్చిపెడుతుందిగా" అంటారు మిత్రులు. నిజమే, మారుస్తుంది. నా 45 ని ఇస్తే 450 పాయిజులని తడుముకోకుండా చెబుతుంది. ఎన్ని డిగ్రీల దగ్గర అని మాత్రం అడగదు. 30 డిగ్రీల్లో 4.5 పాయిజులున్న ఆముదం 40 డిగ్రీలకి 2.3 కి దిగుతుంది. మా పేట మే నెల ఎండలో లెక్క సగానికి పడిపోయిందన్నమాట. ఉష్ణోగ్రత రాయని స్నిగ్ధత ఊరు రాయని ఉత్తరం లాంటిది.

పాయిజు పాతబడింది, ఎస్.ఐ. వస్తే చాలు అనుకోవటానికీ లేదు. 2006 లో మన దేశంలో రోడ్డు తారుని స్నిగ్ధతను బట్టి వర్గీకరించినప్పుడు, వి.జి. 30 రకం తారుకి 60 డిగ్రీల వద్ద కనీసం 2400 పాయిజులు ఉండాలన్నారు. అంటే 240 పాస్కల్ సెకన్లు. రేపు మనలో ఇంజనీరయ్యేవాడు ఇక్కడ గుణించాలో భాగించాలో తడుముకుంటే పోయేది మార్కులు కాదు, రోడ్డు.

అందుకని మన అధ్యాపకులకు రెండు మనవులు. ప్రయోగం ఫలితం పక్కన ప్రమాణానికీ, ఉష్ణోగ్రతకీ విడిగా మార్కులు పెట్టండి. వైవాలో సూత్రం అడిగే ముందు "ఇది నీటికి ఎన్ని రెట్లు చిక్కన?" అని అడగండి. విద్యార్థి మిత్రులకు ఒకటే మనవి. జవాబు రాశాక ఒక్కసారి జాడీ వంక చూడండి.

మొన్న ఇంటికెళ్లినప్పుడు ఆ డబ్బా లెక్క నాన్నకి సరిగా చెప్పాను. ఆయన విని, రెండు వేళ్ల మధ్య కాస్త నూనె రుద్ది చూసుకుని, "ఆఁ, ఇప్పుడు సరిపోయిందిరా" అన్నారు.