ప్రయోగశాల గడప దగ్గరే ఆగిన రిజర్వేషన్

శావల్యాపురం దళితవాడ నుంచి నన్ను బయోటెక్నాలజీ డిగ్రీ దాకా చేర్చింది రిజర్వేషనే. 2020లో రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. మా చదువుకు తగిన కంపెనీలేమో హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోనో, పరవాడ ఫార్మా సిటీలోనో ఉంటాయి. అక్కడ ప్రవేశం పరిచయాలతో దొరుకుతుంది. పరిచయాలు కులం వెంటే నడుస్తాయి. ప్రైవేటు సంస్థలకు కోటా ఎలా పెడతారని అడిగేవారు అప్రెంటిస్‌ల చట్టం చూడాలి. నిర్దేశిత వృత్తుల్లో ఎస్సీ, ఎస్టీలకు శిక్షణ స్థానాలు కేటాయించాలని 1973లో దానికి చేర్చిన 3ఎ సెక్షన్ ప్రైవేటు యజమానులనూ ఆదేశిస్తోంది. ఫిట్టర్‌ శిక్షణకు ఉన్న న్యాయం ప్రయోగశాల శిక్షణకు ఎందుకు లేదు? విద్యార్థికి షరతు పెట్టిన ప్రభుత్వమే కంపెనీలకు కోటా, మాకు బస ఖర్చు నిర్ణయించాలి. అప్పటిదాకా ఆ ‘తప్పనిసరి’ పరిచయాలు లేని కులాలకు మరో వడపోతే.