వేపపూత వేళ ఇంటి లెక్కలు

ఉగాది దగ్గర పడితే మా విద్యార్థి గ్రూపుల్లో ఏటా ఒకే పంచాయితీ. ఒకరు వేపపూత బొమ్మ పెట్టి శుభాకాంక్షలు చెబుతారు. ఇంకొకరు వెంటనే, ఇది బ్రాహ్మణ పంచాంగం చెప్పిన పండుగ, మనకెందుకు అంటారు. మూడో రోజుకి వాదన మనుషుల మీదికి పోతుంది. నాలుగో రోజుకి అందరూ థీసిస్ చాప్టర్లలో మునిగిపోతారు. 2025లో ఉగాది మార్చి 30న వచ్చింది, వాదన కూడా వేళకే వచ్చింది. నేను ఆ వారం పల్నాడులో మా ఇంట్లో ఉన్నాను. వసంతం మనదా కాదా అని మా అమ్మ ఎప్పుడూ అడగలేదు. మార్చి నెల గడిచేదెట్లా అని మాత్రం ప్రతి ఏడూ అడుగుతుంది. ఈ రెండు ప్రశ్నలూ వేర్వేరు కావని నా అభిప్రాయం. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు పంచాంగం సంగతి తేల్చుకుందాం. పంచాంగ శ్రవణంలో ప్రతి రాశికీ నాలుగు అంకెలు చెబుతారు: ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం. మా వాడలో ఆదాయం కంటే వ్యయం ఎక్కువ ఉండటానికి రాశితో పనిలేదు. అవమానం ఏ గడిలో ఎంత పడిందో చెప్పడానికి సిద్ధాంతి గారూ అక్కర్లేదు, పుట్టిన వీధి పేరు చాలు. ఆ పుస్తకాన్ని మనం నమ్మాల్సిన అవసరం ఏమీ లేదు. కానీ పంచాంగం వేరు, రుతువు వేరు. వేప పూయడం, మామిడి పిందె కట్టడం, చింతపండు చేతికి రావడం, ఎండ ముదరడం పురోహితుడు ముహూర్తం పెడితే జరిగే పనులు కావు. పంచాంగాన్ని తిరస్కరించే ఊపులో రుతువును కూడా వాళ్ల చేతుల్లోనే పెట్టి వచ్చేస్తున్నాం. నాకు అభ్యంతరం అక్కడే.

మా ఇంట్లో వసంతం అంటే ఏమిటో చెబుతాను. నాయనమ్మకి ఇవి శ్రమ దినాలు. ఈస్టర్‌కి ముందు నలభై రోజుల ఉపవాస కాలాన్ని తెలుగు క్రైస్తవులు పిలుచుకునే పేరది. ఆమె చర్చి నుంచి వచ్చేసరికి అమ్మ వేపపూత దులిపి చేటలో పోసి ఉంటుంది. ఒకే ఇంట్లో రెండూ నడుస్తాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. పక్క వీధిలో ఆ ఏడాది ఉగాది మర్నాడే రంజాన్ కావడంతో సేమ్యా కూడా వచ్చింది. ఇబ్బంది అంతా డబ్బు దగ్గరే. డ్వాక్రా వాయిదా తేదీ ముందుకొస్తోంది. తమ్ముడు డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్నాడు. రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి బకాయి కడితే తప్ప హాల్‌టికెట్ ఇవ్వమని కాలేజీ వాళ్లు అన్నారు. నాన్నకి బీపీ మాత్రలు అయిపోయాయి. నా ఫెలోషిప్ పడి నెలలు దాటింది. పీహెచ్‌డీ చదివే కూతురు ఉందంటే ఊళ్లో అందరూ ఇంట్లో డబ్బుల చెట్టు ఉందనుకుంటారు. అమ్మ మాత్రం ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు "తిన్నావా అమ్మా" అని అడిగి, పెట్టేసే ముందు మెల్లగా "పడ్డాయా?" అంటుంది. ఏమి పడ్డాయో ఇద్దరికీ తెలుసు.

ఫెలోషిప్ ఆలస్యాన్ని క్యాంపస్‌లో మనం పరిశోధన సమస్యగానే మాట్లాడతాం. పుస్తకాలు కొనలేకపోయాం, ఫీల్డ్‌వర్క్ ఆగిపోయింది, మెస్ బకాయి పెరిగింది అంటాం. అన్నీ నిజాలే. అయితే మొదటి తరం స్కాలర్ల ఫెలోషిప్ నెలనెలా ఊరికి ప్రయాణం చేస్తుంది. అది ఆగితే ఇక్కడ ఒక చాప్టర్ ఆగుతుంది, అక్కడ నాన్న మాత్రలు ఆగుతాయి. ఈ రెండోది ఏ వినతిపత్రంలోనూ రాయం. ఎందుకో మరి, సిగ్గుపడతాం.

మా వైపు వసంతం ఎర్రగా ఉంటుంది. కల్లాల్లో మిర్చి ఆరబోస్తే దూరం నుంచి చూసేవాళ్లు ఫొటోలు తీసుకుంటారు. దగ్గరికి వెళితే తుమ్ములు, కళ్లలో నీళ్లు. కాయ కోసిన రోజు రాత్రి చేతులు మండుతాయి, ఆ చేత్తో చంటిబిడ్డను ఎత్తుకోలేరు. తాలు కాయలు ఏరేదీ, తొడిమలు తీసేదీ ఎక్కువగా ఆడవాళ్లే. వాళ్లలో మా వాడ వాళ్లు ఉంటారు. కర్నూలు పడమటి మండలాల నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి కుటుంబాలతో సహా వలస వచ్చినవాళ్లూ ఉంటారు. వాళ్ల పిల్లలకి సరిగ్గా పరీక్షల ముందు బడి పోతుంది. వాళ్ల కోసం సీజనల్ హాస్టళ్లు అనే ఏర్పాటు కాగితం మీద ఉంది, కొన్నిచోట్ల నిజంగానే నడుస్తుంది. కానీ తల్లిదండ్రులు బయలుదేరే నాటికి తలుపులు తెరిచి ఉంటేనే దాని వల్ల లాభం. లేకపోతే పిల్ల కూడా ఆటో ఎక్కుతుంది, చెల్లెల్ని చూసుకోవడానికి.

2025లో మిర్చి ధర పడిపోయిన విషయం అందరూ చదివే ఉంటారు. గుంటూరు యార్డు ముందు ఆందోళనలు జరిగాయి. కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయలు ప్రకటించింది. అది చాలుతుందా లేదా అని చర్చ నడిచింది. జరగవలసిన చర్చే, ముఖ్యంగా కౌలు రైతు నెత్తిన పడిన అప్పు చిన్నది కాదు. కానీ ధర పడితే రైతు చివరి కోతను చేలోనే వదిలేస్తాడు, ఎందుకంటే కోత కూలి కూడా గిట్టదు. ఆ వదిలేసిన కోతే మా అమ్మకి మార్చి ఆఖరి రెండు వారాల కూలి. దానికి మద్దతు ధర ఎంత అని ఏ చానెల్‌లోనూ చర్చ పెట్టలేదు. ఉగాది పచ్చడిలో కారం, చింతపండు, బెల్లం, ఉప్పు ఉంటాయి కదా. కోసిన చేతులు, కొట్టి గింజ తీసిన చేతులు, చెరకు నరికిన చేతులు, ఉప్పు కొటార్లలో పగిలిన కాళ్లు ఎవరివో వెతుక్కుంటూ పోతే ఏ వీధికి చేరతామో సామాజిక శాస్త్రాలు చదివే మిత్రులకు చెప్పనక్కర్లేదు. పండుగ వాళ్లది అనేముందు కనీసం పచ్చడి మీద మన వాటా రాసుకోవాలి.

మిర్చి పని అయిపోయాక మిగిలేది కరువు పని. చట్టం పేరు ఎంత పొడుగున్నా మా ఊళ్లో ఉపాధి హామీని అలాగే అంటారు. ఎండాకాలం చెరువులో పూడిక తీయడం, ఫీడర్ చానళ్లు తవ్వడం. 2023 జనవరి నుంచి రోజుకి రెండుసార్లు యాప్‌లో హాజరు ఫొటో తప్పనిసరి చేశారు. పొద్దున్నే పని ముగించినా రెండో ఫొటో కోసం ఎండలో కూర్చోవాలి. సిగ్నల్ అందకపోతే ఆ రోజు కూలి గాల్లో దీపం. 2025 ఏప్రిల్ 1 నుంచి మన రాష్ట్రాల్లో రోజు కూలి 300 నుంచి 307 రూపాయలైంది. ఏడు రూపాయలు. అది కూడా పదిహేను రోజుల్లో ఖాతాలో పడాలని చట్టం అంటుంది. అమ్మ ఖాతా ఆ చట్టం చదవలేదనుకుంటాను.

కరువు పని అనే మాట విన్నప్పుడల్లా నాకు అంబేద్కర్ బాల్యం గుర్తొస్తుంది. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయన 1901 నాటి ప్రయాణం గురించి రాశారు. మనం సాధారణంగా ఆ కథను మసూర్ రైల్వే స్టేషన్ నుంచి మొదలుపెడతాం. స్టేషన్ మాస్టర్ ఆ పిల్లల మంచి బట్టలు చూసి బ్రాహ్మణ పిల్లలనుకోవడం, మహార్లని తెలిశాక మొహం మారడం, రెట్టింపు కిరాయి ఇస్తే తప్ప బండి దొరక్కపోవడం, బండివాడు వీళ్ల పక్కన కూర్చోకుండా నడిచి రావడం. దారిలో తిండి దగ్గరుంది, తాగడానికి నీళ్లు మాత్రం ఎక్కడా పుట్టలేదు, ఆకలితోనే పడుకున్నారు. అయితే ఆ పిల్లలు ఎక్కడికి వెళుతున్నారు? వేసవి సెలవులకి తండ్రి దగ్గరికి, కోరేగావ్‌కి. అక్కడ కరువు బాధితులకు పని చూపించడానికి బొంబాయి ప్రభుత్వం చెరువు తవ్విస్తోంది. ఆ పనిలో రాంజీ క్యాషియర్. అంటే చెరువు తవ్వే పనికి కూలి లెక్కకట్టి ఇచ్చే మనిషి కొడుక్కి దారిలో గుక్కెడు నీళ్లు దొరకలేదు. మా అమ్మ పూడిక తీసే చెరువు గట్టు మీద నిలబడి ఈ కథ తలుచుకుంటే, ఆర్కైవ్‌లో చదివినదానికంటే దగ్గరగా వినిపిస్తుంది.

ఆ దాహానికి జవాబు కూడా వసంతంలోనే వచ్చింది. 1923లో బోలే తీర్మానం బొంబాయి కౌన్సిల్‌లో నెగ్గి, ప్రజాధనంతో నడిచే నీటి వనరులు అంటరానివారికీ తెరవాలని చెప్పింది. మరుసటి ఏడాది మహాడ్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది, కాగితం మీద. 1927 మార్చి 20న అంబేద్కర్ వెంట వేల మంది నడిచి వెళ్లి చవ్‌దార్ చెరువు నీళ్లు దోసిట్లో పట్టి తాగారు. తర్వాత దాడులు, చెరువును పంచగవ్యంతో శుద్ధి చేయడం, కోర్టు కేసు. బొంబాయి హైకోర్టు ఆ కేసులో దళితుల పక్షాన తీర్పు చెప్పింది 1937 మార్చి 17న. గుక్కెడు నీళ్ల హక్కుకి పది వసంతాలు పట్టింది. తెలుగు నేల మీద 1985 జూలైలో కారంచేడులో దళితుల మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితిని వారించి బిందె ఎత్తిన మున్నంగి సువార్తమ్మను తలుచుకుంటే లెక్క ఇంకా ముగియలేదని తెలుస్తుంది. ఆ ఊచకోతకు 2025 జూలైతో 40 ఏళ్లు.

అందుకే వసంతాగమనం అంటే నాకు మార్చి 20 గుర్తొస్తుంది. అక్కడి నుంచి ఏప్రిల్ 11న ఫూలే జయంతి, 14న అంబేద్కర్ జయంతి. 2023 నుంచి 2025 వరకు ఉగాది ఏ తేదీన వచ్చినా మార్చి 20కి, ఏప్రిల్ 14కి మధ్యనే వచ్చింది. ఈ మూడున్నర వారాల్లో మా వాడ అరుగులకు సున్నం పడుతుంది, విగ్రహానికి నీలిరంగు పడుతుంది, చందా పుస్తకం ఇంటింటికీ తిరుగుతుంది. దీనికి వసంతం అని పేరు పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సాహిత్యం వాళ్లు ఇక్కడ ఒక మాట అంటారని తెలుసు. తెలుగు కవిత్వంలో వసంతం అంటే కోయిల, మావిచిగురు, విరహం. తీరిక ఉన్నవాళ్ల రుతువు. నిజమే, అందుకే కదా జాషువా సందేశం పంపడానికి కోయిలను పిలవలేదు, 1941లో గబ్బిలాన్ని పిలిచారు. కానీ ఆయనకి ప్రకృతి మీద కోపం ఉందని దాన్నిబట్టి చెప్పలేం. ఎవరి గడప తొక్కడానికీ అనుమతి లేని మనిషి, గుడిలో వేలాడే ప్రాణిని ఎంచుకున్నాడు, అంతే. పైగా కోయిల పిల్లను పొదిగి మేపేది కాకి అని కావ్యాలు పెద్దగా పట్టించుకోలేదు. కాకి వైపు నుంచి రాస్తే వసంత వర్ణన ఎలా ఉంటుందో నాకు చదవాలని ఉంది. మన తెలుగు శాఖల్లో ఎవరైనా ఆ అంశం మీద పరిశోధనకు పూనుకుంటే బాగుంటుంది.

చింతలు తీరాక పండుగ చేసుకుందాం అనే మాటకి నేను ఒప్పుకోను. అలా ఆగితే మా నాయనమ్మ డెబ్బై ఏళ్లలో ఒక్క పండుగ కూడా చేసుకుని ఉండేది కాదు. చింతల్ని మరిచి పచ్చడి తిందాం అనే మాటకీ ఒప్పుకోను. కూలి పదిహేను రోజుల్లో పడాలని, ఫెలోషిప్ నెల నెలా రావాలని, ఫీజు బకాయికి హాల్‌టికెట్ ఆపకూడదని అడగడం మన వసంతోత్సవంలో భాగంగానే జరగాలి. ఏప్రిల్ 14 సభలో పూలదండ వేసిన తర్వాత ఈ మూడూ వేదిక మీద చదవమని మా క్యాంపస్ మిత్రులకు చెప్పాను. సమయం సరిపోదేమో అన్నారు. వక్తల జాబితా చూశాను, ఇద్దరిని తగ్గిస్తే సరిపోతుంది.

ఊళ్లో మాత్రం మా తమ్ముడు, వాడి స్నేహితులు మాటలతో ఆగలేదు. మార్చి 20న బస్టాప్ దగ్గర తాటాకు పందిరి వేసి, మూడు కుండలు పెట్టి చలివేంద్రం తెరిచారు. పైన అంబేద్కర్ ఫొటో, కింద 'మహాడ్ చెరువు పోరాటం' అని రాసిన ఫ్లెక్సీ. ఉగాది రోజు మధ్యాహ్నం నేను అక్కడ రెండు గంటలు కూర్చున్నాను. ఆర్టీసీ కండక్టర్లు, లారీ డ్రైవర్లు, స్కూలు పిల్లలు, రంజాన్ సరుకులకు పట్నం పోతున్నవాళ్లు ఆగి తాగారు. మా ఊరి పెద్ద వీధి నుంచి వచ్చిన ఒకాయన ఫొటో వంక ఒకసారి, కుండ వంక ఒకసారి చూసి, ఎదురుగా కొట్లో ఇరవై రూపాయలు పెట్టి సీసా కొనుక్కున్నారు. ఆయన మనవడు, ఎనిమిదో తరగతి ఉంటాడు, అప్పటికే ఒక గ్లాసు తాగేసి రెండోది ముంచుతున్నాడు. కుండలు పొద్దుటికీ సాయంత్రానికీ నింపడానికి క్యాన్‌లు కొనాలి, జూన్ దాకా నడపాలంటే చందా చాలదు. నా ఫెలోషిప్ పడితే ఒక నెల ఖర్చు నాది అన్నాను. ఈ నెలకి తన కరువు పని డబ్బుల్లోంచి ఇస్తానని అమ్మ అంది, అవి ముందు పడితే.